వంగకూడని చోటు

జూన్ 4

బ్లాస్టింగ్ విభాగానికి కొత్త అధికారి వచ్చాడు. వచ్చిన రోజే నా పొట్ట మీద కొట్టాడు.

ఇన్నేళ్లూ మా వజ్రాల గనిలో పేలుళ్లు మధ్యాహ్నం పూటే. సందర్శకుల బస్సు పొద్దున్నే లోపలికి వెళ్లి, గొయ్యి అంచున కట్టిన వేదిక దగ్గర కాసేపు ఆగి, రాళ్లు నలగ్గొట్టే మిల్లు చూసుకుని, భోజనాల వేళకి బయటపడేది. పేలుళ్లతో మాకు పేచీ ఉండేది కాదు. ఇప్పుడు ఆ మహానుభావుడు పేలుళ్లని పొద్దుటికి మార్చాడు. పొద్దున గాలి తక్కువట, దుమ్ము ఊరి మీదికి రాదట.

"మరి నా టూర్లు ఏం కావాలండీ?" అని అడిగాను.

"సైరన్ మోగేసరికి మీవాళ్లందరూ గేటు బయట ఉండాలండి."

"మోగకపోతే?"

"మోగుతుందండి."

అంతే. కుర్చీ చూపించినా కూర్చోలేదు. టీ వద్దన్నాడు. వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్తే, "పేరేంటో ఆ పెద్దమనిషిది?" అంది. పేరు గుర్తు రాలేదు. "సైరన్," అన్నాను. ఇద్దరం కడుపు నొప్పెట్టేలా నవ్వుకున్నాం. ఈ ఇంట్లో ఇంతగా నవ్వి ఎన్నాళ్లయిందో.

జూన్ 5

టైమ్ టేబుల్ మొత్తం చింపి మళ్లీ రాశాను. ఇకనుంచి టూర్లు మధ్యాహ్నం. ఆ ఎండలో ఎవరొస్తారు?

జూన్ 11

వచ్చారు. బస్సు నిండా వచ్చారు. సైరన్ ముందు ఈ మాట ఒప్పుకోను.

గేటు దగ్గర ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. "లోపల ఎవరూ నేల మీదికి వంగకూడదు. ఏం జారిపడినా మీరు తీయకూడదు. గార్డు తీస్తాడు, పరీక్షకి పంపించి తర్వాత ఇస్తారు. బూటు లేసు ఊడినా సరే, నిలబడి గార్డును పిలవండి." ఎప్పటిలాగే అందరూ నవ్వారు. ఎప్పటిలాగే వేదిక దగ్గరికి చేరగానే సగం మందికి బూటు లేసులు ఊడిపోయాయి. కొత్తగా పెళ్లయిన ఒకమ్మాయివి అసలు లేసుల్లేని బూట్లు. అయినా వంగబోయింది.

కింద గొయ్యిలో లారీలు చీమల్లా తిరుగుతుంటే ఫోటోలు తీసుకున్నారు. అదే లారీ పైకొచ్చి పక్కనుంచి వెళ్లేసరికి, చక్రమే ఇంటి గుమ్మం కంటే ఎత్తుండేసరికి, నోళ్లు తెరిచారు. ఆ తర్వాత ఎప్పుడూ అడిగే ప్రశ్న: "వజ్రాలేవండీ?" లారీల కొద్దీ రాయి పిండి చేస్తే చిటికెడు వస్తాయని, అదీ తాళాలేసిన యంత్రాల్లోపలేనని, నేనే ఇన్నేళ్లలో ఒక్కదాన్నీ చేత్తో తాకలేదని చెప్తే నమ్మరు. దాచి పెట్టుకుని చెప్తున్నాననుకుంటారు.

ఆ సమయానికి సైరన్, గొయ్యి అంచున సందర్శకులకి అడ్డంగా కట్టిన తాడు చూడ్డానికి వేదిక దగ్గరికొచ్చాడు. కొత్త పెళ్లికొడుకు అతన్ని పట్టుకున్నాడు. "మీరైనా నిజం చెప్పండి సార్. ఇన్నేళ్లలో మీకు ఒక్కటి కూడా దొరకలేదా?"

"రాళ్లు పేల్చీ పేల్చీ నాకు దొరికింది చెవుడొక్కటేనండి," అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కుడి చెవి సరిగా వినిపించదట. అందుకే ఆ మనిషి తల ఓ పక్కకి తిప్పి వింటాడు. నేను పొగరనుకున్నాను.

జూన్ 18

తాడు వెనక్కి జరపాలట. ఎంత వెనక్కి అంటే చేయి చాపి చూపించాడు. ఆ లెక్కన సందర్శకులకి గొయ్యి కనబడదు, ఆకాశం కనబడుతుంది. నాకు ఒళ్లు మండింది. ఈ గనిలో ఎవరో దయతలిస్తే కూర్చున్నదాన్ని కానని గట్టిగానే అన్నాను.

నిజానికి మొదట అంతే. లారీల షెడ్డులో పనిచేస్తూ మా ఆయన గుండె ఆగి పోతే, ఇంట్లో అత్తయ్యా నేనూ మిగిలితే, కంపెనీ జాలిపడి నన్ను ఫోన్లు ఎత్తే కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ ఫోన్లలో రోజుకొకరైనా "మీ గని చూడొచ్చాండీ" అని అడిగేవాళ్లు. కుదరదు కుదరదు అని చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చి, మేనేజరు ప్రాణం తీసి, ఓ పాత బస్సూ కొన్ని హెల్మెట్లూ సంపాదించి ఈ టూర్లు మొదలుపెట్టాను. ఇదంతా సైరన్‌కి ఎందుకు చెప్పుకొచ్చానో తెలియదు. అతను తల పక్కకి తిప్పి మొత్తం విన్నాడు.

విని, "అయితే వేదిక ఎత్తు పెంచుదామండి. తాడు వెనకున్నా గొయ్యి కనబడుతుంది," అన్నాడు.

ఇది నాకెందుకు తట్టలేదో.

ఇవాళ టీ తాగాడు. చక్కెర లేకుండా. ఊరికే రాస్తున్నాను.

జూన్ 27

అత్తయ్య తనే అడిగింది, "ఇవాళ సైరన్ ఏమన్నాడే?" అని. నేను రోజూ చెప్తున్నానట. అబద్ధం.

జులై 2

వేదిక పని పూర్తయింది. వడ్రంగి వెళ్లిపోయాక సైరన్ పైకెక్కి, అటూ ఇటూ నడిచి, గట్టిగా గెంతి చూశాడు. అంత మనిషి చిన్నపిల్లాడిలా గెంతుతుంటే గార్డు మొహం తిప్పుకున్నాడు.

ఆ తర్వాత కాసేపు అక్కడే నిలబడి మాట్లాడాడు. పెళ్లి ఎప్పుడో పాతికేళ్ల కిందట తెగిపోయిందట. ఆవిడ వేరే పెళ్లి చేసుకుని సుఖంగా ఉందట. పిల్లల్లేరు. గని మారినప్పుడల్లా ఊరు మారడం, క్వార్టర్సులో ఒక మంచం, ఒక స్టవ్వు. "సామాను సర్దడం మాత్రం బాగా వచ్చేసిందండి," అన్నాడు.

పాపం అనిపించింది. ఎవరు చెప్పినా అనిపిస్తుంది.

జులై 14

ఇవాళ జరిగింది రాస్తేగాని నిద్ర పట్టదు.

పొద్దున మెరుపులు. మెరుపులుంటే మందుగుండు ముట్టరు. అందుకని పేలుళ్లు మధ్యాహ్నానికి వాయిదా వేశారు. సైరన్ ఫోన్ చేసి, "టూరు కాస్త ముందే ముగించండి. మీ బస్సు గేటు దాటాకే నేను మోగిస్తాను," అన్నాడు. సరేనన్నాను. ముందే ముగించాను. బస్సు గేటు దాటింది. గేటు దగ్గర తనిఖీకి అందరూ దిగారు. సైరన్ మోగడం మొదలైంది. నేను తలలు లెక్కపెట్టాను.

ఒకరు తక్కువ.

మళ్లీ లెక్కపెట్టాను. ఒకరు తక్కువే. నల్ల కోటు వేసుకున్న ముసలాయన లేడు. వేదిక దగ్గర నా పక్కనే నిలబడి, "ఆ మూలకి వెళ్తే ఇంకా బాగా కనబడుతుందేమో కదమ్మా" అన్నవాడు. లేడు.

రేడియో అందుకుని ఎలా అరిచానో నాకే తెలియదు. "ఆపండి! ఒకరు తక్కువ!"

"ఆపాను," అన్నాడు.

ఎవరు, ఎక్కడ, సరిగా చూశారా, ఏమీ అడగలేదు. ఆ ఒక్క మాట. సైరన్ ఆగిపోయింది.

గని మొత్తం ఆగిపోయింది. లారీలు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. గార్డులు వేదిక దగ్గరా, మిల్లు వెనకా, రాళ్ల గుట్టల మధ్యా వెతికారు. సైరన్ తనే జీపేసుకుని గొయ్యిలోకి దిగి ఒక్కో మలుపూ చూసుకుంటూ వెళ్లాడు. మందు కూరిన చోటికి ఇంకెవర్నీ రానివ్వలేదు. మళ్లీ మబ్బు పట్టింది. ఇక ఇవాళ పేల్చడం కుదరదని చెప్పేశారు. మేనేజరు ఊగిపోతూ వచ్చాడు.

అప్పుడు, ఖాళీ బస్సును షెడ్డుకి తీసుకెళ్లిన బస్సు బాబాయి ఫోన్. మా డ్రైవరు. ఊళ్లో అందరికీ బాబాయే. "అమ్మా, చివరి సీటు కింద ఎవరో గురక పెడుతున్నారు. మనవాడేనా?"

మనవాడే. నల్ల కోటు కప్పుకుని, సీట్ల మధ్య కాళ్లు ముడుచుకుని హాయిగా పడుకున్నాడు. తనిఖీకి దిగనేలేదు. నేను లెక్కపెట్టింది దిగినవాళ్లని. లేపితే కళ్లు నులుముకుంటూ, "వజ్రాలు చూపించేశారా?" అని అడిగాడు.

"ఒక్క గురక కోసం గని ఆపారు!" అని మేనేజరు అందరి ముందూ అరిచాడు. గేటు దగ్గర గార్డులు నవ్వు ఆపుకోలేకపోయారు. నేను భూమిలోకి కుంగిపోయాను.

సైరన్ జీపు దిగి, దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో వచ్చి, "దొరికారా? బాగున్నారా?" అన్నాడు. బాగున్నాడన్నాను. "అయితే సరే," అని చేతులు కడుక్కోడానికి వెళ్లిపోయాడు.

జులై 15

విచారణ పూర్తయ్యేదాకా టూర్లు బంద్. ఫోన్లన్నీ నేనే ఎత్తి, కుదరదు కుదరదు అని చెప్పాను. మళ్లీ మొదటికొచ్చినట్టుంది.

జులై 17

సైరన్‌ని వేరే గనికి పంపించేస్తారని బస్సు బాబాయి చెప్పాడు. పంపిస్తే పంపిస్తారు. నాకేం.

అన్నం సహించలేదు. ఉక్కపోత.

జులై 18

ఉక్కపోత.

జులై 19

వాన పడింది. చల్లబడింది. అయినా సహించలేదు.

అత్తయ్య నా కంచం వంక చూసి, నా మొహం వంక చూసి, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే నాకు భయం.

జులై 23

విచారణ. హెడ్డాఫీసు నుంచి వచ్చినావిడ మంచి మనిషిలాగే ఉంది, కానీ కళ్లద్దాల మీదుగా చూస్తుంది. నన్ను అడగాల్సినవి అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. తర్వాత సైరన్‌ని పిలిచింది.

"ఎవరు తప్పిపోయారో, ఎక్కడో కనుక్కోకుండా ఎందుకు ఆపారు?"

"కనుక్కునేలోపు పేలిపోతుందండి."

"ఆవిడ పొరపాటు పడి ఉండొచ్చు కదా అనిపించలేదా?"

"ఆవిడ ఒకరు తక్కువ అన్నారండి. ఆవిడ అంటే తక్కువే."

మేనేజరు కలగజేసుకున్నాడు. "ఏం తక్కువ? ఆయన బస్సులో నిద్రపోతున్నాడు!"

"ఆ సంగతి మనకి తర్వాత తెలిసింది కదండీ," అన్నారు ఆయన. "అదే రాళ్ల మధ్య పడుకుని ఉంటే?"

"మళ్లీ ఇలా జరిగితే?"

"మళ్లీ ఆపుతానండి. గురకైనా సరే."

హెడ్డాఫీసు ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వు దాచుకోవడానికేనని నా అనుమానం. చివరికి ఆపడమే సరైన పని అని తేల్చింది. ఇకముందు తలలు బస్సు లోపల కూడా లెక్కపెట్టాలంది. సోమవారం నుంచి టూర్లు మొదలు. బదిలీ మాటే ఎత్తలేదు.

ఇప్పుడు పైన రాసింది మళ్లీ చదివాను. "అన్నారు ఆయన" అని రాసి ఉంది. ఈ పుస్తకంలో ఇంతవరకూ ఆయన అంటే ఒక్కరే. పోయి ఏడేళ్లయినా ఆ మాట నేను ఇంకెవరికీ ఇవ్వలేదు. కొట్టేసి "అన్నాడు సైరన్" అని దిద్దాను. దిద్దాక మొరటుగా కనబడింది. మళ్లీ మార్చాను. ఇప్పుడు ఆ వాక్యం ఎవరు చదివినా అర్థం కాదు. ఎవరు చదవాలి గనక.

ఆగస్టు 6

అత్తయ్య ఉన్నట్టుండి గని చూస్తానంది. కొడుకు అన్నేళ్లు పనిచేసినా ఒక్కనాడూ అటు తొంగి చూడలేదు. పోయాక అసలే చూడలేదు. "వాడు ఎక్కడ పనిచేశాడో చూడాలనిపిస్తోందే," అంది. శనివారం టూర్లో సీటు ఉంచాను.

ఆగస్టు 9

ఎంత అమాయకురాల్ని నేను!

వేదిక ఎక్కించాను. పెద్ద హెల్మెట్ కింద అత్తయ్య మొహం సగమే కనబడుతోంది. లారీల షెడ్డు చూపించాను. చాలాసేపు అటే చూస్తూ నిలబడింది. కళ్లు తుడుచుకుంది. అది నిజం. కానీ ఆ తుడుచుకున్న చేతిరుమాల్ని తీసుకెళ్లి, తాడు సరిచూస్తున్న సైరన్ కాళ్ల దగ్గర పడేసింది. జారి పడలేదు. పడేసింది. నేను చూశాను.

ఆయన రుమాలు వంక చూశారు. అత్తయ్య వంక చూశారు. నిటారుగా నిలబడి, "గార్డు గారూ! ఇక్కడ రుమాలు!" అని కేక పెట్టారు.

గార్డు వచ్చి, పటకారుతో రుమాలు ఎత్తి, సంచిలో వేసి, సీలు వేసి పట్టుకుపోయాడు.

ఇంటికొచ్చి అత్తయ్య చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"చేతిరుమాలు తీసివ్వడానికి నడుం వంగని మనిషి రేపు నాకు మంచినీళ్లిస్తాడా?"

"మీకెందుకివ్వాలి అత్తయ్యా ఆయన?"

"అదే అడుగుతున్నా. ఎందుకివ్వాలి?" అని నా మొహంలోకి చూసింది.

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. లోపల వంగడం నిషేధమని, వంగితే ఉద్యోగం పోతుందని అక్కణ్ణుంచే అరిచి చెప్పాను.

"గేటు దగ్గర నువ్వు చెప్పావుగా, విన్నాను. రూలు గుర్తుంటుందా, ముసలిదాన్ని చూసి మర్చిపోతాడా అని చూశా."

"మరి గుర్తుంచుకున్నారు కదా!"

"అందుకే కోపం. కాస్త మర్చిపోతే ఏం పోయింది?"

ఈవిడతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

ఆగస్టు 13

సాయంత్రం తలుపు కొట్టిన చప్పుడు. సైరన్. చేతిలో రుమాలు. పరీక్ష అయిపోయిందట. ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చారు.

అత్తయ్య అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. చూసి, ఆయన కళ్లలోకి చూస్తూ మళ్లీ కింద పడేసింది.

ఆయన వంగి తీసిచ్చారు. "ఇక్కడ రూలేం లేదు కదండీ?"

"మోకాళ్లు చప్పుడు చేస్తున్నాయే. వయసెంత?"

చెప్పారు.

"పర్లేదు. కూర్చో."

నన్ను నువ్వు అనడానికి మా అత్తయ్యకి రెండేళ్లు పట్టింది. ఆయనకి ఒక్క రుమాలు చాలింది. టీ ఇచ్చాను. అత్తయ్య తను చక్కెర వేయబోతే, "ఆయన వేసుకోరు," అన్నాను. చెంచా గాల్లోనే ఆగిపోయింది.

ఆగస్టు 30

టూరు అయ్యాక వేదిక మీద ఆయనా నేనూ ఇద్దరమే మిగిలాం. అడిగారు. మాటలు పోగేసుకుని వచ్చినట్టున్నారు, మధ్యలో మర్చిపోయారు. "నాకు ఇంక సామాను సర్దాలని లేదండి," అన్నారు చివరికి. "మీకు ఇష్టమైతేనే."

"బస్సు ఆలస్యమవుతోంది," అన్నాను.

అదీ నేనిచ్చిన జవాబు.

సెప్టెంబరు 1

కుదరదని చెప్పేశాను. కారణాలు చెప్పాను: వయసు, జనం, ఉద్యోగం. ఆయన తల పక్కకి తిప్పి అన్నీ విన్నారు. "సరేనండి," అన్నారు.

నాకేం బాధగా లేదు.

సెప్టెంబరు 3

అత్తయ్యకి ఎలా తెలిసిందో! బస్సు బాబాయి ఉండగా ఈ ఊళ్లో పేపరెందుకు.

"నావల్లే కదే వద్దన్నావ్?"

"కాదు."

"నేనుండగా ఇంకో మగమనిషి ఈ ఇంట్లోకెలా అనే కదా?"

"కాదన్నానా!"

"నేను కూతురి దగ్గరికి పోతున్నా. అదీ ఎప్పట్నుంచో రమ్మంటోంది."

నేను ఎవరినీ చేసుకోవడం లేదు, మీరెక్కడికీ వెళ్లడం లేదు అన్నాను. వినిపించుకోకుండా పెట్టె దించింది. పోట్లాడాం. చివరికి ఆవిడ ఇలా అంది: "వాడు పోయిన రోజు నిన్ను మీ వాళ్లు తీసుకెళ్లిపోతారనుకున్నా. నువ్వు పోలేదు. ఇప్పుడు నేను పోకపోతే నాకంటే స్వార్థపరురాలు ఉండదే."

సెప్టెంబరు 5

వెళ్లిపోయింది. ఆడపడుచు వచ్చి కారులో తీసుకెళ్లింది. పెట్టెలో దుప్పటి పెట్టుకోలేదు, నేను పరిగెత్తి అందించాను.

సెప్టెంబరు 6

ఇల్లు ప్రశాంతంగా ఉంది. కావలసినంత తీరిక.

సెప్టెంబరు 8

ప్రశాంతంగా ఉంది.

సెప్టెంబరు 9

టీవీ ఊరికే పెట్టుకున్నాను. వంట చేసి చూసుకుంటే ఇద్దరికి సరిపడా ఉంది. ఫోన్ చేస్తే, "ఇక్కడ నాకు రాజభోగం. గిన్నె కూడా ముట్టనివ్వరు," అంది. ఆ గొంతులో భోగమేమీ లేదు. ఆవిడకి గిన్నె ముట్టనివ్వకపోతే ఆవిడ ఆవిడే కాదు.

సెప్టెంబరు 16

ఇవాళ టూర్లో సందర్శకుల్ని వేదిక దిగమనడం మర్చిపోయి గొయ్యి వంకే చూస్తూ నిలబడ్డానట. బస్సు బాబాయి వచ్చి పిలిచాడు. నేను సైరన్ కోసం చూడలేదు. ఆయన అటు రావడమే మానేశారు.

సెప్టెంబరు 18

నేనే వెళ్లాను. బ్లాస్టింగ్ ఆఫీసుకి. ఇన్నేళ్లలో ఆ గదిలో కాలు పెట్టడం ఇదే మొదలు. గోడ నిండా గొయ్యి పటాలు. ఆయన లేచి నిలబడ్డారు.

"ఆ రోజు చెప్పిన కారణాలన్నీ ఉత్తవి," అన్నాను. తప్పు పక్కన నిలబడ్డాను, కుడి చెవి వైపు. ఆయనకి వినబడలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆ మాట రెండుసార్లు చెప్పడం ఎంత కష్టమో!

"నాకు ఇష్టమే. కానీ అత్తయ్య లేని ఇంట్లో నేను ఉండలేను. ఆవిణ్ణి వదులుకుని ఏదీ వద్దు. ఆవిడ అమ్మ కాదు, అంతకంటే ఏమిటో నాకూ తెలియదు."

ఆయన నాకు కుర్చీ జరిపారు. "నేను అడిగింది మీ ఒక్కర్నే అని ఎందుకనుకున్నారండీ? ఆ రోజు రుమాలు తీసినప్పుడే నాకు తెలుసు, ఇద్దరు ఒప్పుకుంటేనే పని అవుతుందని."

సెప్టెంబరు 21

వెళ్లాం. ఆయన జీపులో. ఆడపడుచు ఇల్లు చాలా శుభ్రంగా ఉంటుంది. అత్తయ్య సోఫాలో ఓ మూల, కాళ్ల మీద దుప్పటి కప్పుకుని, చూడని టీవీ ముందు కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి, అలక గుర్తొచ్చి మళ్లీ కూర్చుంది.

ఆడపడుచు కాఫీ తేవడానికి వెళ్లాక ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మీ కోడల్ని పెళ్లి చేసుకుందామనుకుంటున్నానండి. మీరు రాకపోతే ఆవిడ ఒప్పుకోరట. మీరు బయల్దేరితే బాగుంటుంది."

"నన్నేం చేసుకుంటావ్? ముసలిదాన్ని. పోట్లాడతాను."

"నాతో ఇంతవరకూ ఎవరూ పోట్లాడలేదండి. ఎవరూ అంతసేపు ఉండలేదు."

అత్తయ్య నా వంక చూసింది. "సన్నబడ్డావేం?"

"వంట కుదరట్లేదు," అన్నాను. ఏడుపొచ్చేసింది.

"ఒక షరతు," అంది ఆయనతో. "నన్ను అమ్మా అని పిలవొద్దు. ఆ మాట ఒకడిది."

ఆయన తల ఊపారు. "అలాగేనండి. మరి ఏమని పిలవను?"

"అది నువ్వే వెతుక్కో."

ఆడపడుచు కాఫీలతో వచ్చేసరికి అత్తయ్య దుప్పటి మడత పెడుతోంది. ఆడపడుచు మా ముగ్గురి వంకా చూసి, "అమ్మయ్య," అంది. "వచ్చిన దగ్గర్నుంచీ నీ గురించే వదినా. నా వంటకి వంకలు పెట్టీ పెట్టీ చంపేసింది."

అక్టోబరు 17

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. బస్సు బాబాయి సాక్షి. ఇంకో సాక్షి అత్తయ్య. సంతకం వంకర పోతే కోపం తెచ్చుకుని పెన్ను బాగాలేదంది. మేనేజరు కూడా వచ్చాడు. "గురక పెళ్లి చేసిందయ్యా!" అని అందరికీ చెప్పుకుని తిరుగుతున్నాడు. ఇప్పుడు ఆ ఘనత తనదే.

అక్టోబరు 26

ముందు గదిలో అత్తయ్య కొడుకు ఫోటో ఎక్కడున్నది అక్కడే ఉంది. పొద్దున ఆయన దానిమీద దుమ్ము తుడుస్తుంటే చూశాను. చూడనట్టు వచ్చేశాను.

అత్తయ్యని ఆయన మేడమ్ గారూ అంటున్నారు. వెతగ్గా వెతగ్గా అదే దొరికిందట. ఆవిడ పైకి విసుక్కుంటుంది గానీ, పక్కింటావిడ ఉన్నప్పుడు కావాలని మాటిమాటికీ పిలిపించుకుంటోంది.

నవంబరు 2

నిన్న ఇద్దరూ పోట్లాడుకున్నారు. కిటికీ తెరవాలా ముయ్యాలా అని. నేను మధ్యలోకి వెళ్లలేదు. ఎంత హాయిగా ఉందో రాయడానికి మాటలు చాలవు.

నవంబరు 15

శనివారాలు పనివాళ్ల ఇంట్లోవాళ్లకి టూరు ఉచితం. అత్తయ్య రావడం వరసగా ఇది మూడో శనివారం. ఇప్పుడు గేటు దగ్గర వంగొద్దని నాకంటే ముందు తనే చెప్పేస్తోంది. "లేసులు గట్టిగా కట్టుకోండి. నాటకాలు కుదరవు ఇక్కడ," అని.

ఇవాళ ఎండ మెత్తగా ఉంది. ఆయన పని ముగించుకుని వేదిక దగ్గరికొచ్చారు. అత్తయ్యా ఆయనా తాడు దగ్గర పక్కపక్కన నిలబడి గొయ్యిలోకి చూస్తున్నారు. ఇద్దరూ ఒకే తీరుగా చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో. షెడ్డు నుంచి ఓ లారీ బయటికొస్తుంటే అత్తయ్య వేలు చూపిస్తూ ఏదో చెప్తోంది. ఆయన వంగలేదు గానీ, మంచి చెవి అటు తిప్పి వింటున్నారు.

సందర్శకుల్లో ఒకావిడ, బాగా మాటకారి, నా పక్కనుంచే వాళ్ల దగ్గరికెళ్లింది. అత్తయ్యతో, "మీ అబ్బాయాండీ? అచ్చం మీ పోలికే," అంది.

ఆయన నోరు తెరిచారు, కాదని చెప్పడానికి.

అత్తయ్య చెప్పనివ్వలేదు. ఆయన మొహం వంక ఓసారి ఎగాదిగా చూసి, హెల్మెట్ సర్దుకుని, "ముక్కు వరకే నాదమ్మా," అంది. "మొండితనమంతా వాళ్ల నాన్నది."

నేను గబగబా దిగి బస్సు దగ్గరికి నడిచాను. తలలు లెక్కపెట్టాలి కదా. లెక్క రెండుసార్లు తప్పింది. మూడోసారి బస్సు బాబాయిని పెట్టమన్నాను.